స్టేడియంలో పోటీల చెత్తను వేరు చేసి రీసైక్లింగుకు పంపడం ఎలా? విజయనగరం నడకమిత్రుల ప్రశ్న

గంటస్తంభం నడకమిత్రుడు:

సభ్యులందరికీ నమస్కారం. మేము రోజూ ఉదయం నడకకు వెళ్ళే స్టేడియంలో సంక్రాంతి వెళ్ళిన తరువాత జిల్లా స్థాయి కబడ్డీ, వాలీబాల్ పోటీలు నాలుగు రోజులపాటు జరగనున్నాయి. నిర్వాహకులు మా సంఘాన్ని పిలిచి, చెత్త బాధ్యత పూర్తిగా మీదేనని చెప్పి, అంతకు మించి ఒక్క ముక్క వివరించకుండా టీ ఇచ్చి పంపించారు. ఆ టీ కూడా కాగితపు కప్పులోనే ఇచ్చారు. తాగిన తరువాత ఆ కప్పును ఎక్కడ వేయాలో అక్కడున్న వారెవరికీ తెలియలేదు.

క్రితం ఏడాది మరొకరు ఇటువంటి పోటీలే జరిపి, చివరి రోజు రాత్రి చెత్తంతా గ్యాలరీ వెనుక కుప్పపోసి నిప్పు పెట్టారు. మరునాడు తెల్లవారుజామున పరుగు సాధనకు వచ్చిన పిల్లలు ఆ పొగలోనే ట్రాక్ చుట్టూ తిరిగారు. కుప్ప పైభాగం బూడిదైపోయినా, అడుగున సీసాలు కరిగి ఒకదానికొకటి అతుక్కుని, నల్లని ముద్దలుగా మూడు వారాలపాటు అక్కడే పడి ఉన్నాయి. ఒక ముద్దను నేను చేతికర్రతో తిరగేసి చూస్తే, మధ్యలో ఒక నీలిరంగు మూత చెక్కుచెదరకుండా కనిపించింది. ఈసారి అలా జరగనివ్వకూడదన్నదే మా పట్టుదల.

దాతలను అడిగి తడి చెత్తకు ఆకుపచ్చవి, పొడి చెత్తకు నీలంవి కలిపి నలభై డబ్బాలు కొని గ్యాలరీల నిండా పెట్టాలని, మైకులో పదేపదే చెప్పించాలని, కాలేజీ విద్యార్థులను డబ్బాల దగ్గర నిలబెట్టాలని, పోగైన సీసాలు అమ్మి ఆ డబ్బుతో ఆటగాళ్ళకు బహుమతులు ఇవ్వాలని మా ఆలోచన. ఇందులో ఏది నిలుస్తుందో, ఏది నిలవదో అనుభవమున్నవారు మొహమాటం లేకుండా చెప్పండి.

చంపావతి తీరం:

నడకమిత్రుడు గారికి నమస్కారం. ముప్పై ఏళ్ళు వ్యాయామ ఉపాధ్యాయుడిగా పనిచేసి, లెక్కలేనన్ని పోటీలు జరిపించినవాడిగా చెబుతున్నాను: డబ్బాలు కొనే పనిని అన్నిటికంటే చివరికి నెట్టండి. మేము కూడా ఒకసారి డబ్బాలతోనే మొదలుపెట్టి బోల్తాపడ్డాం. ఆకుపచ్చ డబ్బా ఒక మెట్ల వరుస దగ్గర, నీలం డబ్బా దానికి ఇరవై అడుగుల అవతల పెట్టాం. సాయంత్రం రెండూ బోర్లించి చూస్తే రెండిట్లోనూ ఒకే సరుకు ఉంది: వేరుశనగ తొక్కలు, సగం తాగి వదిలేసిన నీళ్ళ సీసాలు, సాంబారు అంటిన పళ్ళేలు. జనాన్ని తప్పుపట్టి లాభం లేదు. చేతిలో చెత్త ఉన్న మనిషి ఏ డబ్బా దగ్గరైతే అందులో వేస్తాడు తప్ప, రంగు చూసి ఇరవై అడుగులు నడవడు.

అందుచేత రెండు డబ్బాలూ ఎప్పుడూ జంటగా, ఒకదానికొకటి తగిలేటట్లు ఉండాలి. ఒంటరి డబ్బా ఒక్కటి కూడా మైదానంలో ఉండకూడదు. సీసాల డబ్బా మూతకు సీసా మాత్రమే పట్టేంత గుండ్రటి కన్నం ఉంటే, రాసిన అక్షరాలకంటే ఆ కన్నమే బాగా చెబుతుంది. గ్యాలరీ మెట్ల మీద అసలు డబ్బాలే వద్దు. అక్కడ పెడితే వాటిని ఖాళీ చేయడానికి జనం మధ్యలోంచి మోసుకుని దిగాలి, పైగా ఉత్కంఠ ఎక్కువైనప్పుడు కుర్రవాళ్ళు వాటిని డప్పులుగా వాడతారు. మెట్లు దిగే చోట, తినుబండారాల దుకాణాల ముందు, బయటికి వెళ్ళే గేట్ల దగ్గర పెడితే సరిపోతుంది.

ఇంకొక మాట. డబ్బాలు కొనవలసిన అవసరమే లేదు. ఇనుప చువ్వతో నడుము ఎత్తు స్టాండు, పైన ఒక గుండ్రటి రింగు చేయించి, దానికి ఉల్లిపాయలు వచ్చే వల సంచి తగిలించండి. లోపల ఏముందో దూరానికే కనిపిస్తుంది, కాబట్టి సీసాలున్న సంచిలో అరటి తొక్క వేయడానికి మనిషి కాస్త వెనకాడతాడు. సీసాల్లో మిగిలిన నీళ్ళు కూడా కిందికి కారిపోతాయి. కూరగాయల మార్కెట్లో ఆ సంచులు అడిగితే ఊరికే ఇస్తారు.

పాత సామాన్ల కొట్టు:

మా నాన్నగారి కొట్టులో పదిహేనేళ్ళుగా కాటా దగ్గర కూర్చుంటున్న ఆడపిల్లను. మాస్టారు చెప్పినదానికి కొనేవాళ్ళ వైపు నుంచి కొంత కలుపుతాను, ఎందుకంటే ఇటువంటి కార్యక్రమాలు మొదలుపెట్టేవారు చెత్త పోగుచేయడం గురించే ఆలోచిస్తారు కానీ, పోగైనదాన్ని ఎవరు, ఏ రోజు, ఏ బండిలో తీసుకుపోతారో ముందుగా అడగరు. అమ్ముడుపోనిది ఎంత చక్కగా వేరు చేసినా చెత్తే అవుతుంది.

నీళ్ళ సీసాలను మేము ‘పెట్’ అంటాం. తెల్లవాటికి మంచి ధర ఉంటుంది, ఆకుపచ్చవాటికి కొంచెం తక్కువ. ధర వారం వారం మారుతుంది కాబట్టి ఇక్కడ అంకె రాయను. సీసా ఖాళీగా ఉండాలన్నదే మొదటి షరతు. లీటరు సీసా బరువు ఇరవై, ఇరవైఅయిదు గ్రాములకు మించదు. అంటే కిలోకు 40 నుంచి 50 సీసాలు కావాలి. అందులో వంద మిల్లీలీటర్ల నీళ్ళు మిగిలి ఉంటే అవి వంద గ్రాములు తూగుతాయి, అంటే సీసాకు నాలుగైదు రెట్లు. మీరు సంచి నిండా సీసాలు తెచ్చామనుకుంటారు, మేము నీళ్ళు కొంటున్నామా అని కాటా వంక చూస్తాం. అందుకే సంచుల పక్కన ఒక బకెట్టు పెట్టి, నీళ్ళు అందులో ఒంపి సీసా వేయమని చెప్పించండి. సాయంత్రానికి ఆ బకెట్ల నీళ్ళు చెట్లకు పోయవచ్చు.

రెండవది గాలి. నలగ్గొట్టని సీసాలు బియ్యం సంచిలో యాభై పట్టడమే కష్టం, అంటే అంత పెద్ద సంచి మోసి ఒక కిలో సరుకు తెచ్చినట్లు. కాలితో తొక్కి మూత బిగిస్తే అదే సంచిలో మూడింతలు పడతాయి. మూత తీసి వేరే పెట్టాలా అని చాలామంది అడుగుతారు, అక్కరలేదు. సీసాలను తునకలుగా కోసి నీళ్ళలో కడిగే చోట పెట్ తునకలు అడుగుకు మునుగుతాయి, మూతల ప్లాస్టిక్ నీటికంటే తేలిక కాబట్టి పైకి తేలుతుంది, అక్కడే వేరైపోతుంది. ఆ తునకలే కరిగి పాలిస్టర్ దారమవుతాయి. 2015లో భారత క్రికెట్ జట్టుకు తయారుచేసిన దుస్తుల్లో ఒక్కో జతకు సగటున 33 సీసాలు పట్టాయని తయారీ సంస్థ ప్రకటించింది. ఆటగాళ్ళ ముందు మైకులో చెప్పడానికి ఇది పనికొస్తుంది.

అట్టపెట్టెలు తీసుకుంటాం, అయితే పొడిగా ఉండాలి. ఒక్క వాన తడిస్తే తూకంలో కోత పడుతుంది, నాని ముద్దయితే తీసుకోలేము. కూల్‌డ్రింకు అల్యూమినియం డబ్బాలకు అన్నిటికంటే మంచి ధర. కాగితపు కప్పులు మాకు వద్దు, వాటి లోపలి పొరలో ప్లాస్టిక్ ఉంటుంది. ఆ పొరను కాగితం నుంచి విడదీసే ఏర్పాటు ఉన్న మిల్లులు తక్కువ. చిప్సు, కుర్‌కురే ప్యాకెట్లు కూడా వద్దు. లోపల తళతళలాడే ఆ రేకు పలుచని లోహపు పూత, దాన్ని ప్లాస్టిక్ పొరల నుంచి విడదీయడం గిట్టుబాటు కాదు.

గంటస్తంభం నడకమిత్రుడు:

అమ్మా, చాలా విలువైన సంగతులు చెప్పారు. మరి చిప్సు ప్యాకెట్లను ఏం చేయాలి? పోటీల్లో అన్నిటికంటే ఎక్కువ ఎగిరేవి అవే.

పాత సామాన్ల కొట్టు:

వాటిని సిమెంటు కర్మాగారాల బట్టీల్లో బొగ్గుతోపాటు ఇంధనంగా వాడతారు. ఒక మైదానంలో నాలుగు రోజుల్లో పోగయ్యే ప్యాకెట్ల కోసం ఎవరూ లారీ పంపరు కాబట్టి, విడిగా మూట కట్టి నగరపాలక సంస్థవారి పొడి చెత్తలో ఇవ్వడం ఒక్కటే దారి. మైదానంలో అమ్మనివ్వకపోతే ఇంకా మంచిది.

విశ్రాంత పారిశుద్ధ్య ఉద్యోగి:

పురపాలక సంఘంలో శానిటరీ విభాగంలో పనిచేసి రిటైరైనవాడిని. నిబంధనల గురించి ఇంతవరకు ఎవరూ ప్రస్తావించలేదు కాబట్టి క్లుప్తంగా చెబుతాను. వందమందికి మించిన సమావేశాన్ని అనుమతి పొందిన వేదిక కాని చోట జరిపేవారు కనీసం మూడు పనిదినాల ముందు స్థానిక సంస్థకు తెలియజేయాలని, చెత్తను పుట్టిన చోటే వేరు చేసి అప్పగించే బాధ్యత నిర్వాహకులదేనని 2016లో వచ్చిన ఘన వ్యర్థాల నిర్వహణ నియమాలు చెప్పాయి. మీ స్టేడియం అనుమతి ఉన్న వేదికా కాదా అన్న తర్కంలోకి దిగకుండా, వారం ముందుగానే ఒక లేఖ ఇచ్చి, నకలు మీద రసీదు ముద్ర వేయించుకోండి. ఆ లేఖలో బండి ఏ సమయానికి రావాలో కూడా రాయండి. ప్లాస్టిక్ పళ్ళేలు, గ్లాసులు, స్పూన్లు, స్ట్రాలు 2022 జూలై 1 నుంచి దేశమంతటా నిషిద్ధం. చెత్త తగలబెడితే 5 వేల రూపాయలు, పెద్ద ఎత్తున తగలబెడితే 25 వేల రూపాయలు పరిహారం వసూలు చేయాలని జాతీయ హరిత ట్రిబ్యునల్ 2016 డిసెంబరులో ఆదేశించింది. గ్యాలరీ వెనుక నిప్పు పెట్టిన పెద్దమనుషులకు ఇది తెలియదనుకోను.

నేను ముఖ్యంగా రాయాలనుకున్నది వేరే ఉంది. సీసాలు అమ్మి ఆటగాళ్ళకు బహుమతులు ఇస్తామన్నారు. ఆ సీసాలు ఇప్పుడు ఎవరివి? మీరు నడకకు వెళ్ళేసరికి ట్రాక్ మీద సీసాలు ఎందుకు కనిపించవో ఎప్పుడైనా ఆలోచించారా? నాలుగున్నర గంటలకే వచ్చి, చీకట్లో సెల్‌ఫోను వెలుగుతో మెట్ల కింద ఏరుకుని వెళ్ళే ఆడవాళ్ళు ఉంటారు. ఊడ్చేవారికి కూడా వచ్చే కూలితోపాటు ఈ సీసాల డబ్బే పైసంపాదన. మీ స్టేడియంలో రీసైక్లింగు కార్యక్రమం కొత్తగా మొదలుకానక్కరలేదు. ఏనాటి నుంచో జరుగుతోంది, చేతికి తొడుగు లేకుండా, పేరు లేకుండా జరుగుతోంది. నాలుగు రోజులపాటు అందరూ టోపీలు పెట్టుకుని వచ్చి ఆ సీసాలన్నీ పోగుచేసి బహుమతులు పంచితే, ఏటా వాళ్ళకు బాగా దొరికే నాలుగు రోజులను మీరు లాక్కున్నట్లవుతుంది. చెత్త ఏరుకునేవారిని గుర్తించి వ్యవస్థలో కలుపుకోవాలని ఆ 2016 నియమాలే చెప్పాయి.

గంటస్తంభం నడకమిత్రుడు:

చదివిన తరువాత చాలాసేపు ఏమీ రాయలేకపోయాను. పదకొండేళ్ళుగా ఆ ట్రాక్ మీద నడుస్తున్నాను. ఒక ఎర్రచీర ఆవిడను రోజూ గేటు దగ్గర చూస్తూనే ఉన్నాను, ఆవిడ భుజాన ఉన్న సంచిలో ఏముందో ఒక్కనాడూ అడగలేదు. రేపు ఉదయం మాట్లాడతాను.

మూడు లాంతర్లు:

అందరి ఉత్సాహం చూస్తుంటే ముచ్చటగానే ఉంది కానీ, నాకు నమ్మకం కలగడం లేదు. ఏటా పైడితల్లి అమ్మవారి సిరిమానోత్సవానికి లక్షల మంది వస్తారు. కోట నుంచి మూడు లాంతర్ల కూడలి దాకా ఆ మరునాటి ఉదయం వీధులు ఎలా ఉంటాయో ఈ ఊరివారికి నేను చెప్పక్కరలేదు. అమ్మవారి ముందే శుభ్రత పాటించని జనం కబడ్డీ మైదానంలో కన్నం చూసి సీసా వేస్తారా? ఫుట్‌బాల్ ప్రపంచకప్‌లలో జపాన్ అభిమానులు ఆట అయిపోయాక సంచులు పట్టుకుని తాము కూర్చున్న చోటు శుభ్రం చేసి వెళ్ళారని 2018లో, 2022లో పత్రికలన్నీ రాశాయి. వాళ్ళు చిన్ననాటి నుంచి బడిలో తమ తరగతి గది తామే ఊడ్చుకున్నవాళ్ళు. మనకు ఆ అలవాటు ఏదీ?

చంపావతి తీరం:

లాంతర్లు గారి సందేహం సబబే, అందుకే జనం మంచితనం మీద ఆధారపడని పద్ధతి కావాలి. సిరిమానోత్సవానికీ స్టేడియానికీ ఒక పెద్ద తేడా ఉంది. ఉత్సవానికి ఊరంతా ద్వారమే, ఎవరు ఏది తెచ్చారో, ఎక్కడ కొన్నారో చెప్పలేం. స్టేడియానికి ప్రహరీ ఉంది, రెండో మూడో గేట్లున్నాయి, లోపల అమ్మేది పది పన్నెండు దుకాణాలవారు. అయిదువేల మందిని మార్చనక్కరలేదు, ఆ పన్నెండు మందితో మాట్లాడుకుంటే లోపల పుట్టే చెత్తలో చాలాభాగం మన చేతిలోకి వచ్చినట్లే. లక్షమందికి పైగా పట్టే అమెరికాలోని ఒహాయో స్టేట్ విశ్వవిద్యాలయం స్టేడియంలో 2011లో ఇటువంటి కార్యక్రమం మొదలుపెట్టినప్పుడు, అమ్మే పళ్ళేలూ కప్పులూ అన్నీ ఎరువయ్యేవో తిరిగి వాడుకోగలిగేవో ఉండేటట్లు దుకాణదారుల దగ్గరే మార్పు చేశారు. చెత్తలో నూటికి 90 పాళ్ళు గుంటలో పూడ్చకుండా మళ్ళించగలగడం వాళ్ళ లక్ష్యం. మనం నూటికి యాభై దాటితే నేను ఊరంతా మిఠాయి పంచుతాను.

నీళ్ళ సీసాల సంగతికి కూడా మన దగ్గర పాత మందు ఉంది. ఎండాకాలం ప్రతి కూడలిలో పెట్టే చలివేంద్రాన్ని జనవరిలో పెట్టకూడదన్న నియమమేమీ లేదు. రెండు గేట్ల దగ్గరా ఇరవై లీటర్ల నీళ్ళ క్యాన్లు, స్టీలు గ్లాసులు, పోయడానికి ఒక మనిషి ఉంటే సగం సీసాలు పుట్టనే పుట్టవు. పుట్టని సీసాను వేరు చేయనక్కరలేదు, మోయనక్కరలేదు. గ్లాసులు కడగడానికి మాత్రం మనిషిని పెట్టుకోవాలి, లేకపోతే తల్లులు పిల్లల్ని అక్కడ నీళ్ళు తాగనివ్వరు.

అల్లం టీ:

నేను ఆ పన్నెండు మందిలో ఒకడిని. పోటీలు ఎక్కడ జరిగినా టీ బండి వేస్తాను. మాస్టారు మాట్లాడుకుంటే చాలన్నారు, అయితే మా కష్టం కూడా వినాలి. విరామం పదినిమిషాలు. ఆ పదినిమిషాల్లో వందమంది చేతులు చాస్తారు. గాజు గ్లాసులు పెడితే కడగడానికి ఇద్దరు మనుషులు, ఒక పీపా నీళ్ళు కావాలి. గ్లాసుకు పది రూపాయలు ముందు తీసుకుని తిరిగిచ్చాక ఇచ్చెయ్యమని ఒకసారి ఒక సంఘంవారు చెప్పారు. చిల్లర కోసం గొడవలు పడ్డారు, నా టీ చల్లారిపోయింది. అందుచేత ఒక మధ్యేమార్గం చెబుతాను. బండి ముందు తాళ్ళు కట్టి ఒక ఆవరణ చేయండి, నిలబడి తాగడానికి రెండు బల్లలు వేయండి. ఆ ఆవరణలో తాగేవారికి గాజు గ్లాసులో ఇస్తాను, గ్లాసుతో గీత దాటనివ్వను. గ్యాలరీలోకి తీసుకెళ్ళేవారికి మాత్రం కాగితపు కప్పు, దానికి రెండు రూపాయలు ఎక్కువ. ఆ రెండు రూపాయలకే సగంమంది అక్కడే నిలబడి తాగుతారని నా అంచనా. నీళ్ళ పీపా మాత్రం నిర్వాహకులు నింపించాలి.

అడ్డాకు:

పళ్ళేల గురించి నా వంతు. మాది పార్వతీపురం వైపు. ఏజెన్సీలో గిరిజన స్త్రీలు అడ్డాకులు కోసి, ఎండబెట్టి, పుల్లలతో కుట్టి విస్తళ్ళు చేస్తారు. పులిహోర, ఉప్మా, ఇడ్లీ వంటివాటికి వాటిని మించినవి లేవు. తిన్న తరువాత ఆకు, మెతుకు అన్నీ కలిపి ఒకే గోతిలో వేయవచ్చు, పుల్ల కూడా కుళ్ళుతుంది. అయితే కొనేటప్పుడు ఒక జాగ్రత్త తీసుకోవాలి. బజారులో యంత్రంతో నొక్కిన ఆకు పళ్ళేలు కొన్నిటికి లోపల పలుచని ప్లాస్టిక్ కాగితం అతికిస్తున్నారు. పైకి ఆకులాగే ఉంటాయి. అంచు దగ్గర గోటితో గీకి లాగండి. పొర ఊడి వచ్చిందంటే అది ఎరువు గోతిలోకి పోకూడని సరుకు. క్రితం ఏడాది పెళ్ళిలో ఇటువంటివి తెలియక కొని ఎరువు గోతిలో వేశాం. మూడు నెలలకు ఆకు మాయమైంది, గోతి నిండా మెరిసే గుండ్రటి కాగితాలు మిగిలాయి, వాటిని ఒక్కొక్కటే ఏరవలసి వచ్చింది.

రింగురోడ్డు కుర్రాడు:

నమస్కారం. ఇంజనీరింగు మూడవ సంవత్సరం చదువుతున్నాను. సీసా వేస్తే కూపను ఇచ్చే యంత్రాలు పెద్ద రైల్వే స్టేషన్లలో ఉన్నాయి. మా కాలేజీ బృందం అటువంటిది ఒకటి తయారుచేసి పోటీల్లో పెట్టగలదు. ఫోనులో ఒక యాప్ కూడా చేస్తే ఎవరు ఎన్ని వేశారో తెలుస్తుంది.

విశ్రాంత పారిశుద్ధ్య ఉద్యోగి:

బాబూ, నీ ఉత్సాహానికి సంతోషం. ఆ యంత్రం నిమిషానికి ఎన్ని సీసాలు మింగుతుందో లెక్కవేసి చెప్పు. ఆట అయిపోయాక పావుగంటలో గేటు దాటే జనంలో వందల సీసాలుంటాయి.

రింగురోడ్డు కుర్రాడు:

లెక్కవేశాను గురువుగారూ. మా నమూనా ఒక సీసాకు ఎనిమిది సెకన్లు తీసుకుంటుంది, అంటే పావుగంటకు 112 సీసాలు, అది కూడా ఎక్కడా ఇరుక్కోకపోతే. యంత్రం ఆలోచన మానుకుంటున్నాను. దాని బదులు కాలితో తొక్కితే సీసా నలిగే చెక్క పలక, బందు, స్ప్రింగుతో ఒకటి మా వర్క్‌షాపులో చేసి తెస్తాను. యాప్ కూడా వద్దు, నోటుపుస్తకం పెడదాం.

నాగావళి గట్టు:

శ్రీకాకుళం నుంచి రాస్తున్నాను. మా దగ్గర ఒక మైదానంలో ఎదురైన రెండు చిక్కులు ఇక్కడ ఎవరూ చెప్పలేదు. ఒకటి కొబ్బరి బొండాలు. బరువు ఎక్కువ, తడి చెత్తలో వేస్తే ఏడాదికి కూడా కుళ్ళవు, బోర్లా పడేయకపోతే నీళ్ళు నిలిచి దోమలు పెరుగుతాయి. బొండాలు అమ్మేవాడే తాగిన బొండాన్ని నాలుగు చెక్కలుగా కొట్టి తన బండిలోనే తిరిగి తీసుకెళ్ళాలని ముందుగా ఒప్పందం చేసుకోండి. ఉద్దానంలో కొబ్బరి పీచు తీసేవారున్నారు కానీ, అంత దూరం నాలుగు బస్తాల బొండాలు పంపితే కిరాయి కూడా రాదు.

రెండవది చెప్పడానికి ఇబ్బందిగా ఉంటుంది. రాత్రిపూట గ్యాలరీ చివర మందు తాగి సీసాలు అక్కడే వదిలేవారు, కొట్టేవారు ఉంటారు. మా ఊరి మైదానంలో చెప్పులు లేకుండా పరుగు తీసే ఒక అమ్మాయి కాలికి ఆ పెంకు దిగి, జిల్లా పోటీలకు వెళ్ళలేకపోయింది. వెయిట్‌లిఫ్టర్ కరణం మల్లీశ్వరి పెరిగిన జిల్లా మాది. 2000లో సిడ్నీ ఒలింపిక్స్‌లో ఆమెకు కాంస్యం వచ్చిన రోజు నుంచి మా వైపు ఆడపిల్లలు మైదానానికి రావడం పెరిగింది, వాళ్ళ కాళ్ళ కింద గాజు పెంకులుండకూడదు. పగలని బీరు సీసాలను కడిగి మళ్ళీ నింపుతారు కాబట్టి పాత సీసాలవారు కొంటారు. పగిలిన పెంకులను మాత్రం వల సంచిలో వేయకండి. మందపాటి అట్టపెట్టెలో వేసి, టేపు చుట్టి, పైన పెద్ద అక్షరాలతో ‘గాజు పెంకులు’ అని రాసి అప్పగించండి. ఎత్తేవారి చేతులు కూడా మన పిల్లల కాళ్ళవంటివే.

గంటస్తంభం నడకమిత్రుడు:

ఎర్రచీర ఆవిడతో మాట్లాడాను. మొదట నేను ఫిర్యాదు చేయడానికి వచ్చాననుకుని సంచి వెనక్కి పెట్టుకుంది. విషయం చెప్పిన తరువాత గేటు పక్కన అరుగు మీద కూర్చుని అరగంట మాట్లాడింది. ఆవిడతో కలిపి నలుగురు ఉన్నారు. ఏ మెట్ల కింద ఎక్కువ సీసాలు దొరుకుతాయో, ఏ గేటు నుంచి జనం ముందుగా పోతారో, ఏ మూల గాజు పెంకులుంటాయో మా సంఘంలో ఎవరికీ తెలియనంతగా ఆవిడకు తెలుసు. సంచులు ఎక్కడ పెట్టాలో మేము కాగితం మీద గీసిన పటం చూపిస్తే, తూర్పు గేటు దగ్గరవి తీసేసి తాగునీటి కుళాయి దగ్గర పెట్టమంది. సీసాలు ఖాళీ అయ్యేది అక్కడేనట.

కమిటీలో కొంత వాదన జరిగింది. సీసాల డబ్బు సంఘానికే రావాలని ఇద్దరు పట్టుబట్టారు. చివరికి ఒప్పుకున్నది ఇది: పొడి చెత్తలో అమ్ముడుపోయేదంతా ఆ నలుగురిదే. నాలుగు రోజులకు నిర్వాహకులు వాళ్ళకు రోజుకూలి విడిగా ఇస్తారు. తొడుగులు, బూట్లు, ముఖానికి గుడ్డ మేము కొంటాం. విద్యార్థులు సంచుల దగ్గర నిలబడి చెబుతారు తప్ప సీసాలు ఏరరు. బహుమతుల డబ్బు దాతలను అడిగితే దొరుకుతుంది.

మూడు లాంతర్లు:

నేను కూడా ఒక రోజు వస్తాను. నమ్మకం కుదిరి మాత్రం రావడం లేదు, చూద్దామని వస్తున్నాను.

గంటస్తంభం నడకమిత్రుడు:

పోటీలు నిన్నటితో ముగిశాయి. ఒంట్లో ఓపిక లేకపోయినా, మరిచిపోకముందే రాయాలని కూర్చున్నాను.

మొదటి రోజు ఘోరంగా జరిగింది. స్టాండులు రావలసిన సమయానికి వెల్డింగు పూర్తికాలేదు, సంచులను చెట్లకూ కమ్మీలకూ కట్టాం. బకెట్లలో నీళ్ళు ఒంపమని చెప్పే విద్యార్థులు ఆట మొదలవగానే ఆట చూస్తూ నిలబడ్డారు, వాళ్ళను తప్పుపట్టలేను, కబడ్డీ అంత బాగా జరిగింది. ఒక దుకాణదారుడు ఒప్పందానికి విరుద్ధంగా థర్మాకోల్ పళ్ళేలు తెచ్చాడు. వాటిని వెనక్కి పంపేసరికి ఉప్మా పెట్టడానికి ఏమీ లేక, చివరికి అరటి ఆకులు తెప్పించవలసి వచ్చింది. నగరపాలక సంస్థ బండి రెండు గంటలు ఆలస్యంగా వచ్చి, మేము వేరు చేసిన తడి, పొడి మూటలను ఒకే తొట్టిలో వేయబోయింది. ముద్ర వేయించుకున్న లేఖ నకలు జేబులో ఉన్నందుకు బతికిపోయాం; డ్రైవరు అది చదివి, ఫోను చేసి, మరో బండి రప్పించాడు.

రెండవ రోజు నుంచి పని దారిలో పడింది. టీ బండి ఆవరణ ఊహించినదానికంటే బాగా నడిచింది; కుర్రవాళ్ళు గాజు గ్లాసులతో బల్ల చుట్టూ నిలబడి ఆట గురించి వాదించుకోవడానికి అదొక చోటైంది. చలివేంద్రం దగ్గర గ్లాసులు కడిగే మనిషి మూడవ రోజు రాలేదు, ఆ పూట లాంతర్లు గారు చొక్కా చేతులు మడిచి కడిగారు. చెక్క పలక రెండు రోజులకు విరిగింది, అప్పటికి పిల్లలకు సీసా తొక్కడం అలవాటైపోయింది కాబట్టి నేలమీదే తొక్కారు. ఆకులు, మెతుకులు, మైదానంలో కోసిన గడ్డి పొరలు పొరలుగా గోతిలో వేశాం, మధ్య మధ్య ఎండుటాకులు చల్లాం; వాసన రాలేదు.

చిప్సు ప్యాకెట్ల విషయంలో ఓడిపోయాం. లోపల అమ్మనివ్వకపోయినా గేటు బయట కొనుక్కుని వచ్చారు, గాలికి అవి కోర్టులోకి కూడా ఎగిరి వచ్చి ఒకసారి ఆట ఆపవలసి వచ్చింది. కాగితపు కప్పులు కూడా అయిదు మూటలు మిగిలాయి, అవి అమ్ముడుపోనివే.

సీసాలు, అట్టలు, డబ్బాలు నిన్న సాయంత్రం మన సభ్యురాలి కొట్టుకే వెళ్ళాయి. తూకం వేస్తున్నంతసేపూ ఎర్రచీర ఆవిడ కాటా ముల్లు మీదనుంచి చూపు మరల్చలేదు.

పాత సామాన్ల కొట్టు:

అవును, రెండుసార్లు తూయించింది, మూడవసారి తన సొంత రాయి పెట్టి సరిచూసుకుంది. నాన్నగారు నవ్వి, ఇకనుంచి నేరుగా మా కొట్టుకే తెమ్మన్నారు. ఇన్నాళ్ళూ మధ్యలో ఇంకొకరికి తక్కువకు ఇస్తున్నదట. సీసాల్లో నీళ్ళు లేవు, అట్టలు పొడిగా ఉన్నాయి, కోత ఏమీ పెట్టలేదు. ఒక సంచిలో మాత్రం వాలీబాల్ ఒకటి వచ్చింది, గాలి పోయినది. ఎవరిదో వచ్చి తీసుకెళ్ళండి.

విశ్రాంత పారిశుద్ధ్య ఉద్యోగి:

మార్చిలో అదే మైదానంలో పాఠశాలల క్రీడలు ఉన్నాయని విన్నాను. లేఖ ఇప్పుడే రాసి పెట్టుకోండి. బండి రావలసిన సమయాన్ని ఈసారి ఎర్ర సిరాతో రాయండి.

గంటస్తంభం నడకమిత్రుడు:

అలాగే రాస్తాను. ఉల్లిపాయల సంచులు ఇంకా ముప్పై కావాలి, స్టాండులు ఆరు తక్కువగా ఉన్నాయి. ఆదివారం ఉదయం ఆరు గంటలకు కుళాయి దగ్గర కలుద్దాం, ఆ నలుగురూ కూడా వస్తామన్నారు. టీ గాజు గ్లాసుల్లోనే.